ఏళ్లుగా మాటల్లేని తోబుట్టువుకి బెజవాడ నుంచి ఉత్తరం రాయడం ఎలా

మా అక్కా నేనూ పదేళ్లు మాట్లాడుకోలేదు. నాన్న వీలునామా రాయకుండా పోయారు. రిటైరయ్యాక బెజవాడ సింగ్ నగర్‌లో ఆయన కట్టిన ఇల్లు చట్టప్రకారం అమ్మకి, అక్కకి, నాకు సమానం. 2013లో అక్క తన వాటా నాకు రిజిస్టర్ చేసిచ్చి జంషెడ్‌పూర్ వెళ్లిపోయింది. అప్పటి రేటు కట్టి డబ్బు ఇచ్చాను. మరుసటి ఏడు జూన్‌లో రాష్ట్రం విడిపోయింది, సెప్టెంబర్‌లో రాజధాని విజయవాడ పరిసరాల్లోనే అని అసెంబ్లీలో ప్రకటించారు. ఆ తర్వాత బెజవాడలో స్థలం ఉన్నవాడి నడకే మారిపోయింది. అక్క ఫోన్ చేసి "నీకు ముందే తెలుసు కదరా" అంది. తెలియదు. కానీ ఆ మాట అన్నాక మళ్లీ ఫోన్ రాలేదు, నేనూ చేయలేదు.

తర్వాత మూడు ఉత్తరాలు రాశాను. రెండు వృథా అయ్యాయి. ఆ వృథా అయినవాటి పుణ్యమా అని నాకు తెలిసొచ్చిందే ఇక్కడ చెబుతున్నాను. మీది అన్నదమ్ముల తగాదా కావచ్చు, పెళ్లిలో మర్యాద తక్కువైన గొడవ కావచ్చు, అసలు గొడవే లేకుండా ఊరికే దూరమై ఉండొచ్చు. మీకు పనికొచ్చినంత తీసుకోండి.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి

వాళ్ల సంతకం మీకు ఏదైనా కావాలా? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కో, బ్యాంకులో నాన్న పేరున్న డిపాజిట్‌కో, స్థలం అమ్మకానికో. కావాలంటే అది వేరే ఉత్తరం. మొదటి లైన్లోనే విషయం చెప్పి, కాగితాల జిరాక్స్ పెట్టి, సూటిగా అడగండి. పది లైన్ల ప్రేమ కురిపించి పదకొండో లైన్లో సంతకం అడిగితే ఆ పది లైన్లూ లంచంలా కనిపిస్తాయి.

రెండోది, మీరు గెలవడానికి రాస్తున్నారేమో చూసుకోండి. 2019లో నా మొదటి ఉత్తరం అలాంటిదే. ఏడు పేజీలు, టైపు చేయించాను. 2013 నాటి రిజిస్ట్రేషన్ విలువల కాగితాలు పిన్ను కొట్టి పెట్టాను, నా తప్పేం లేదని చూపించడానికి. పంపేశాక దాని కాపీ చదివిన మా ఆవిడ "దీనికి కోర్టు ఫీజు స్టాంపు అంటించలేదేం" అంది. జవాబు రాలేదు. ఎలా వస్తుంది?

చిరునామా, కాగితం

నంబర్ మారిపోయి ఉంటుంది, ఇల్లు కూడా మారి ఉండొచ్చు. బంధువుల్లో ఈ మధ్య పెళ్లి చేసినవాళ్లని అడగండి. శుభలేఖలు పంచిన లిస్టు ఎవరి దగ్గరో ఒకరి దగ్గర పుస్తకంలో రాసి ఉంటుంది, పిన్ కోడ్‌తో సహా. నాకు పిన్ని కూతురి దగ్గర దొరికింది. అడిగేటప్పుడు అడ్రసు ఒక్కటే అడగండి. "ఏమంటోంది, నా మీద ఇంకా కోపంగా ఉందా" అని కూపీ లాగితే ఆ మాట ఉత్తరం కంటే ముందు అక్కడికి చేరుతుంది. మధ్యవర్తిని పెట్టుకోవద్దు. మధ్యవర్తికి కూడా ఓ వెర్షన్ ఉంటుంది.

వాట్సాప్ ఎందుకు వద్దంటానంటే, ఆ నీలం టిక్కులు. చూసిందని మీకు తెలుస్తుంది, మీకు తెలిసిందని ఆమెకీ తెలుస్తుంది, ఇద్దరికీ టెన్షన్. ఉత్తరం బల్ల మీద పడి ఉంటుంది, బుద్ధి పుట్టినప్పుడు తీస్తారు. చేత్తోనే రాయండి, దస్తూరీ ఎంత కోడిగీతలైనా సరే. కవరు మీద అక్షరాలు చూడగానే ఎవరు రాశారో తెలిసిపోవాలి. పక్కపక్కన కూర్చుని హోంవర్కు చేసుకున్నవాళ్లకి ఆ గీతలు ఎన్నేళ్లకైనా గుర్తుంటాయి.

ఇన్లాండ్ లెటర్ రెండున్నర రూపాయలు. చోటు తక్కువ కాబట్టి ఎక్కువ మాట్లాడకుండా ఆపుతుంది, నాలాంటివాళ్లకి అది మంచిదే. కానీ దాన్లో ఫోటో పెట్టి పంపకూడదు. ఫోటో పెట్టాలంటే మామూలు కవరు, 20 గ్రాముల దాకా 5 రూపాయల స్టాంపు చాలు. రెండు ఏ4 కాగితాలు, ఒక ఫోటో, కవరు కలిపితే దాదాపు అంతే తూగుతాయి. అంతకంటే బరువయ్యే ఉత్తరం రాస్తుంటే ఏదో రుజువు చేసే పనిలో పడ్డారన్నమాట.

రిజిస్టర్డ్ పోస్టు మాత్రం చేయకండి. 2025లో దాన్ని స్పీడ్ పోస్టులో కలిపేశారు, అది వేరే సంగతి. ఆస్తి గొడవ ఉన్న ఇంటికి సంతకం పెట్టి తీసుకోవాల్సిన కవరు వెళ్తే, విప్పకముందే లాయర్ నోటీసు అనుకుంటారు. స్టాంపు అంటించి డబ్బాలో వేయండి.

ఇంకోటి. మీ అడ్రసు రాసేటప్పుడు చేయి అలవాటుగా కృష్ణా జిల్లా అని రాసేస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. నేను కవరు మీద కొత్తది రాసి, లోపల మాత్రం "ఇప్పుడు మనది కృష్ణా జిల్లా కాదట అక్కా, కృష్ణ ఒడ్డునే ఉన్నాం కానీ" అని రాశాను. నా మొత్తం ఉత్తరంలో సరదా వాక్యం అదొక్కటే.

పిలుపు

చిన్నప్పుడు ఏమని పిలిచారో అదే రాయండి. మా వైపు తమ్ముడు అక్కని నువ్వు అనే అంటాడు. ఐదేళ్లు గడిచాయి కదా, మర్యాదగా ఉంటుందని నేను మొదటి ఉత్తరంలో "గౌరవనీయులైన అక్కగారికి నమస్కరించి వ్రాయునది, మీరు" అని మొదలుపెట్టాను. గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడినట్టు అయింది. "అక్కా" చాలు. బావగారికి మాత్రం గారు తగిలించండి, నమస్కారం చెప్పండి. అక్కడ లోటు చేస్తే కొత్త గొడవ.

"ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీవు క్షేమమని తలుస్తాను" అన్న పాత లైను నాకిష్టమే. కానీ మీ ఉత్తరంలో చావు కబురు ఉంటే ఆ లైను పెట్టకండి. కింద ఆ కబురు చదివాక పైనున్న క్షేమం వెక్కిరిస్తుంది.

ఊరి కబుర్లు రాయడం

అసలు పని ఇక్కడుంది. ఇంటి విషయాల్లోకి నేరుగా దిగితే ఎటు అడుగేసినా ముల్లే. ఊరు ఇద్దరిదీ. కాబట్టి ఊరితో మొదలుపెట్టండి. అయితే పెరిగిన ఊరి గురించి రాయడంలో ఓ తిరకాసు ఉంది. నా రెండో ఉత్తరం సంగతి తర్వాత చెబుతాను, ముందు మూడోదాని చిత్తులోంచి ఈ ముక్క చూడండి:

"బెజవాడ ఇప్పుడు నువ్వు గుర్తుపట్టలేవు. ఎటు చూసినా ఫ్లైఓవర్లు, అపార్ట్‌మెంట్లు. మన వైపు కూడా బాగా డెవలప్ అయింది."

అమాయకంగానే రాశాను. రాశాక అక్కలా చదివాను. "గుర్తుపట్టలేవు" అంటే నువ్వు బయటిదానివి అని. "మన వైపు డెవలప్ అయింది" అంటే నువ్వు వదులుకున్న వాటా ఇప్పుడు ఇంత అని. మా మాదిరి ఇళ్లలో ఊరు పెరగడమంటే రేటు పెరగడమే, రేటు పెరగడమంటే గొడవే. గజం ధర రాయకపోయినా వాసన వస్తుంది.

మరేం చేయాలి? ఒక కాగితం తీసుకుని వాళ్ల కాళ్లకి తెలిసిన చోట్లు ఓ పది రాయండి. నడిచిన వీధి, బస్సు కోసం నిలబడ్డ చోటు, దెబ్బలు తిన్న చోటు. తర్వాత ఓ ఆదివారం బండి వేసుకుని నిజంగా వెళ్లి చూసి రండి. గుర్తున్నది రాయొద్దు, ఈ రోజు కనిపించింది రాయండి.

నా లిస్టులో మొదటిది సత్యనారాయణపురం. మా చిన్నతనంలో ఆ పేట మధ్యలోంచి రైలు పట్టాలుండేవి. అవి తీసేసి బీఆర్టీఎస్ రోడ్డు వేశారు, ఆ సంగతి అక్కకి తెలుసు. పట్టాల పక్కన మేం అద్దెకున్న ఇల్లు ఇంకా అలాగే ఉందని తెలియదు. నేను రాసింది ఇది:

"మనం అద్దెకున్న ఇంటి అరుగు మీద జిరాక్స్ మిషన్ పెట్టారు. లోపల ఎవరో బ్యాచిలర్స్ ఉంటున్నారు, నిక్కర్లు కిటికీకే ఆరేశారు. చింతచెట్టు ఉంది. సగం కొమ్మలు కరెంటు తీగల కోసం నరికారు, రోడ్డు వైపు బోడిగా ఉంది, మన వైపు గుబురుగా ఉంది. ఆదివారం పొద్దున ఏడింటికి వెళ్తే రోడ్డు మీద నడిచేవాళ్లే. రైలు వెళ్లిపోయాక గేటు ఎత్తేదాకా నిలబడాల్సిన పని లేదు కదా, అయినా అక్కడికొచ్చేసరికి బ్రేకు వేశాను."

ఇందులో గొప్ప ఏముందని మా ఆవిడ అడిగింది. ఏమీ లేదు. గొప్ప లేకపోవడమే దానికి సరిపోయింది.

పెద్ద మార్పులు కూడా రాయాల్సిందే, కళ్లకి కట్టినట్టున్నవి దాచడం ఎందుకు? అయితే వాళ్లు పడ్డ ఇబ్బందితో ముడిపెట్టి రాయండి. కనకదుర్గ గుడి దగ్గర ఫ్లైఓవర్ 2020 అక్టోబర్‌లో తెరిచారు. అంత మాత్రం రాస్తే పేపర్ కటింగ్. "భవానీపురం నుంచి వస్తుంటే కొండ కింద మన బస్సు ఆగిపోయి నువ్వు వాంతి చేసుకున్న రోడ్డు పైనుంచే ఇప్పుడు పోతున్నాం, కుడి వైపంతా కృష్ణ" అంటే అది అక్కకి రాసిన ఉత్తరం. పీడబ్ల్యూడీ గ్రౌండ్‌లో జనవరి పుస్తకాల ఎగ్జిబిషన్‌కి నాన్న వెంట వెళ్లి దుమ్ము కొట్టుకుని వచ్చేవాళ్లం. 2024 జనవరి 19 నుంచి అక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం నిలబడి ఉంది, పీఠంతో కలిపి 206 అడుగులు. మెడ పైకెత్తి చూస్తుంటే అమ్మ "మీ నాన్న ఇక్కడే చెప్పు తెంపుకున్నారు" అంది. ఆ మాట రాశాను. ఎత్తు కంటే చెప్పే బాగా పని చేసింది.

మారనివి కూడా కలపండి. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల వాళ్లు, రోహిణి కార్తెలో ఎండ, ప్రతి నాలుగు రోడ్ల కూడలినీ సెంటర్ అనే మన అలవాటు.

కష్టం వచ్చి ఉంటే

2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు సింగ్ నగర్‌ని ముంచింది. మీ ఊళ్లో, మీ ఇంట్లో అలాంటిది జరిగితే రాయకుండా ఎలా ఉంటారు? రాయండి, జాలి మాత్రం అడుక్కోకండి. తేదీ, నీళ్లు ఎంతదాకా వచ్చాయి, ఎవరు ఎక్కడున్నారు, ఇప్పుడెలా ఉన్నారు. అంతే.

"బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి రాత్రికి రాత్రి నీళ్లొచ్చాయి. స్విచ్ బోర్డుల దాకా. అమ్మని పై వాటా వాళ్లింటికి ఎక్కించాం. పైన హెలికాప్టర్లు, కింద పడవలు, ఫ్లైఓవర్ మీద జనం. కృష్ణలంకకి గోడ కట్టడం మంచిదైంది, బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కుల పైన వచ్చినా అటు వైపు ఆగింది. మనల్ని ముంచింది కృష్ణ కాదు, బుడమేరు. అమ్మ బాగుంది. ఫ్రిజ్, మంచాలు పోయాయి. ఆల్బమ్ తడిసింది."

దీని కింద "ఏ ఇంటి కోసం మనం విడిపోయామో ఆ ఇల్లే మునిగింది" అని ఓ లైను రాశాను. రాసినప్పుడు నాకే బాగా నచ్చింది. అందుకే కొట్టేశాను. మీకు బాగా నచ్చిన వాక్యం ఏదో చూడండి, చాలాసార్లు అదే గుచ్చుకుంటుంది.

ఆల్బమ్ సంగతి. ఫోటోలు ప్లాస్టిక్ కవర్లకి అతుక్కుపోయాయి, లాగితే ముఖం రంగు కవరుకి వచ్చేస్తోంది. అమ్మ ఓపిగ్గా మంచినీళ్ల బకెట్లో నానబెట్టి ఒక్కొక్కటి విడదీసి, బట్టల తీగకి క్లిప్పులు పెట్టి నీడలో ఆరేసింది. నలభైలో పదకొండు దక్కాయి. ఒకదాంట్లో అక్క నన్ను చంకనేసుకుని ఉంది. నా ముఖం పోయింది, తనది ఉంది. దానికి కాపీ తీయించి ఉత్తరంలో పెట్టాను. మీరు కూడా కాపీయే పంపండి. అసలుది పంపితే "ఇది కూడా నాకొద్దు, నువ్వే ఉంచుకో" అన్నట్టు ఉంటుంది.

ఇంటి కబుర్లు

వరస ముఖ్యం. పోయినవాళ్లు ముందు, ముసలివాళ్లు తర్వాత, పిల్లలు ఆఖర్న.

చెప్పాల్సిన చావు ఉంటే తేదీతో చెప్పండి. వాళ్లకి ముందే ఎవరి ద్వారానో తెలిసినా సరే, మీ నోటి నుంచి రావాలి. ఇక్కడే నా రెండో ఉత్తరం కథ. 2021 మేలో కోవిడ్‌తో పిన్ని పోయింది. నెల తర్వాత అక్కకి కార్డు రాశాను, "పిన్ని పోయింది, నీకు పట్టదులే" అని. ఆ రోజుల్లో అందరం సగం పిచ్చివాళ్లలా ఉన్నాం, అది కారణమే కానీ సాకు కాదు. మూడో ఉత్తరంలో మళ్లీ రాయాల్సి వచ్చింది.

అమ్మ గురించి రాసేటప్పుడు ఒక్క మాట వాడకండి: "అమ్మ నీ కోసం ఏడుస్తోంది." నిజమైనా వద్దు. దాంతో ఎవరినైనా రప్పించవచ్చు, వచ్చినవాళ్లు సంతోషంగా మాత్రం రారు. "అమ్మకి ఎడమ కంటికి ఆపరేషన్ అయింది. మళ్లీ పేపర్ చదువుతోంది, పైకి, వీధి చివరిదాకా వినపడేలా" అని రాయండి. మిగతాది కూతురికి అర్థమవుతుంది.

పిల్లల ప్యాకేజీలు, ర్యాంకులు, అమెరికా వీసాలు రాయకండి. పేరు, వయసు, తిండి దగ్గర పేచీ. చాలు.

తప్పు ఒప్పుకోవడం

"నా వల్ల నీకు ఏమైనా బాధ కలిగి ఉంటే క్షమించు." ఇది క్షమాపణలా కనిపించే చేతులు దులుపుకోవడం. "ఏమైనా", "ఉంటే" రెండూ తీసేయండి. మీరు చేసిన పని పేరు పెట్టి చెప్పండి. నాది ఇలా ఉంది: "పిన్ని పోయినప్పుడు నీకు ఫోన్ చేయాల్సింది. చేయలేదు. పైగా దెప్పుతూ కార్డు రాశాను. అది నా తప్పు."

ఇంటి గురించి మీరు తప్పు చేశారని నిజంగా అనుకోకపోతే మెప్పు కోసం ఒప్పుకోకండి, అబద్ధం ఉత్తరంలో తేలిపోతుంది. నాకు రేట్లు పెరుగుతాయని తెలియదు, అది నిజం. కానీ అక్క అడిగిన రోజు "తెలియదు" అని నెమ్మదిగా చెప్పకుండా ఫోన్ పెట్టేశాను, అదీ నిజం. రెండోదే రాశాను. డబ్బు సర్దుబాటు చేయాలని మీ మనసులో ఉంటే దాన్ని తర్వాత ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోండి. అంకెలు మాత్రం ఈ ఉత్తరంలో వద్దు.

చివరి లైను, డబ్బా

"వెంటనే జవాబు రాయి", "సంక్రాంతికి రావాలి" అని ముగించకండి. ఏమీ అడగకుండా ఆపేయవచ్చు. నేను "మళ్లీ రాస్తాను" అని ఆపాను. రాత్రి రాస్తే పొద్దున కాఫీ తాగాక ఒకసారి చదవండి, రాత్రి కనపడని ముళ్లు అప్పుడు కనపడతాయి. రాఖీకో, భగినీ హస్త భోజనానికో అందేలా ముహూర్తం చూసి వేయొద్దు. పండగ పేరు చెప్పి మొహమాటపెట్టినట్టు ఉంటుంది. నేను 2025 జనవరిలో, పండగ పూర్తిగా వెళ్లిపోయాక, ఓ బుధవారం వేశాను.

వేశాక రోజులు లెక్కపెట్టుకోవద్దని చెప్పడం తేలిక. నేను లెక్కపెట్టాను. పిన్ని కూతురికి ఫోన్ చేసి "అందిందేమో కనుక్కో" అనబోయి రెండుసార్లు ఆగాను. మీరూ ఆగండి.

నలభై రోజులు దాటాక తెలియని నంబర్ నుంచి మెసేజ్ వచ్చింది. మేనల్లుడు. నేను చివరిసారి చూసినప్పుడు వాడు నాలుగో తరగతి.

"మామయ్యా నమస్తే. అమ్మ అడగమంది. చింతచెట్టు ఉందన్నావట కదా, కాయలు ఎవరు కోసుకుంటున్నారు అని."

ఇలాంటిది వస్తే వెంటనే ఫోన్ చేయాలనిపిస్తుంది. చేయకండి. అడిగినదానికి జవాబు చెప్పండి, అది కూడా తెలుసుకుని. మర్నాడు పొద్దున్నే సత్యనారాయణపురం వెళ్లాను. జిరాక్స్ షాపు అబ్బాయి అప్పుడే షట్టర్ తీస్తున్నాడు. అడిగితే నా వంక వింతగా చూశాడు. "ఎవరు కోస్తారండీ, రాలితే ఆటోవాళ్లు ఏరుకుంటారు" అన్నాడు. చెట్టు కింద వెతికితే బండి చక్రాల కింద నలగని కాయలు ఆరు దొరికాయి. జవాబు రాసి, వాటిని పాత గుడ్డలో చుట్టి చిన్న పార్సిల్ కట్టాను. పోస్టాఫీసు కౌంటర్లో లోపల ఏముందని అడిగారు. చింతకాయలన్నాను.